వేడెక్కని ఇంజిన్, కాస్తంత మైనం

డిసెంబరులో అమెరికాలోని మినియాపొలిస్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, కారు హీటర్ చల్లగాలే కొడుతోంది. బయల్దేరి అరగంటైనా అంతే. హైవే ఎక్కితే ఇంకా చల్లబడుతుంది, సిగ్నల్ దగ్గర ఆగితే కాస్త వెచ్చగా వస్తుంది. చెక్ ఇంజిన్ లైటు కూడా వెలిగింది." ఆ రోజు అక్కడ మైనస్ 24 డిగ్రీలు. పదేళ్ల పాత కారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. వాళ్లమ్మ ఇక్కడి నుంచి నిమ్మకాయలు తొక్కించావా లేదా అని అడిగిందట. తొక్కించాడట కూడా.

నిమ్మకాయల సంగతి అలా ఉంచితే, పరుగెత్తితే చల్లబడి ఆగితే వేడెక్కుతోందన్న ఆ ఒక్క ముక్కలోనే జబ్బు సగం దొరికిపోయింది. రేడియేటర్, ఫ్యాన్, వాటర్ పంపు ఏం చేస్తాయో ఎవరైనా చెప్తారు, అవి వదిలేస్తున్నా. ఇంజిన్‌కీ రేడియేటర్‌కీ మధ్య కాపలా కూర్చునే థర్మోస్టాట్ మీద నాకు ఎప్పటి నుంచో మోజు.

బడిలో థర్మోస్టాట్ అనగానే ఇస్త్రీపెట్టె బొమ్మ వేసి, రెండు లోహాల పట్టీ వంగుతుందని చెప్పి ముగించేస్తారు. కారులో ఉండేది అది కాదు. అందులో ఉండేది మైనం. వేలెడంత లేని ఇత్తడి గిన్నెలో మైనం కూరి, పైన రబ్బరు బిగించి, ఆ రబ్బరులో ఒక ఉక్కు పిన్ను దింపుతారు. మైనం కరిగితే పిన్నును బయటికి నెడుతుంది, వాల్వు తెరుచుకుని, ఇంజిన్ వేడిని మోసుకుతిరిగే కూలెంట్ అనే ద్రవాన్ని రేడియేటర్‌లోకి వదులుతుంది. కారు హీటర్‌కు వేడి అందేదీ ఆ ద్రవం నుంచే. మైనం గడ్డకడితే స్ప్రింగు దాన్ని వెనక్కి నొక్కి మూసేస్తుంది. కరెంటు లేదు, వైరు లేదు. వేడిని పసిగట్టేదీ అదే, బరువు తోసేదీ అదే.

కరిగితే ఎందుకు నెడుతుంది? వేడి నెయ్యి సీసాలో పోసి చలికాలం రాత్రి వదిలేసి చూడండి. తెల్లారేసరికి నెయ్యి గడ్డకట్టి, మధ్యలో గుంట పడి ఉంటుంది. అంచులు ముందు గడ్డకడతాయి, మధ్యలోది ఆఖరున గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోయి కిందికి దిగుతుంది. ఇంట్లో కొవ్వొత్తులు పోసిన వాళ్లకూ ఆ గుంట తెలుసు. నీళ్లు దీనికి విరుద్ధం: గడ్డకడితే ఉబ్బుతాయి. నెయ్యీ మైనం మాత్రం చాలా పదార్థాల్లాగే గడ్డకడితే తగ్గుతాయి, కరిగితే పెరుగుతాయి. పారఫిన్ మైనం కరిగేటప్పుడు దాని ఘనపరిమాణం సుమారు పది, పదిహేను శాతం పెరుగుతుంది. ఇప్పుడు ఆ నెయ్యి సీసాకు మూత గట్టిగా బిగించి, మూతకు సన్నటి రంధ్రం చేసి, అందులో పుల్ల దూర్చామనుకోండి. నెయ్యి కరిగినప్పుడు పెరిగిన ఆ పది శాతానికి ఇంకో దారి లేదు, పుల్లనే తోయాలి. సీసా వెడల్పు, పుల్ల సన్నం, కాబట్టి కాస్త పెరిగినా పుల్ల చాలా దూరం కదులుతుంది. కారులో ఆ పుల్ల సుమారు 8 మిల్లీమీటర్లు కదులుతుంది.

నెయ్యితోనే ఇంకాస్త దూరం వెళ్దాం. నెయ్యి ఒక్కసారిగా కరగదు. ముందు పూసలు పూసలుగా మెత్తబడి, తర్వాత తేటపడుతుంది, ఎందుకంటే అది ఒక్క కొవ్వు కాదు, రకరకాల కొవ్వుల కలగలుపు. పారఫిన్ కూడా పొడవులు వేరైన కార్బన్ గొలుసుల కలగలుపే. పొట్టి గొలుసులు తక్కువ వేడికి, పొడుగువి ఎక్కువ వేడికి కరుగుతాయి. అందుకే 88 అని ముద్ర కొట్టిన థర్మోస్టాట్ 88 దగ్గర టక్కున తెరుచుకోదు. అక్కడ మొదలుపెట్టి, నెమ్మదిగా విచ్చుకుంటూ, 100 దాటేలోపు పూర్తిగా తెరుచుకుంటుంది. టక్కున తెరుచుకుంటే చన్నీళ్లు ఒక్కసారి ఇంజిన్‌లో పడి, మూసుకుని, మళ్లీ తెరుచుకుని, ఉష్ణోగ్రత ఉయ్యాలూగేది. మైనం వేడిని సరిగా లాగదు కాబట్టి అందులో రాగి పొడి కలుపుతారు. 1930ల్లో అమెరికాలో సెర్జియస్ వెర్నెట్ ఈ పద్ధతి కనిపెట్టాడు. అంతకుముందు తేలిగ్గా ఆవిరయ్యే ద్రవం నింపిన మడతల గొట్టాలు వాడేవారు. రేడియేటర్‌కు ప్రెషర్ మూతలు వచ్చాక ఆ ఒత్తిడికి అవి తికమకపడ్డాయి. ఒత్తిడికి మైనం లొంగదు.

ఈ వాల్వు ఇంజిన్ మరీ వేడెక్కకుండా కాపాడడానికే ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఇంజిన్ మరీ చల్లబడకుండా చూస్తుంది. పై హద్దు చూసుకోవాల్సింది రేడియేటర్, ఫ్యాన్. విజయవాడలో ఒకప్పుడు నా కారు థర్మోస్టాట్‌ను మెకానిక్ పీకి నా చేతిలో పెట్టి, "మన ఎండలకు ఇదెందుకు సార్, తీసేశా" అన్నాడు. అప్పుడు నేనూ తలూపాను. కొన్ని ఇంజిన్లలో అదే థర్మోస్టాట్ అడుగు బిళ్ల బైపాస్ అనే అడ్డదారిని కూడా మూస్తుంది. దాన్ని పీకేస్తే కూలెంట్ కొంత రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజిన్‌లో తిరుగుతుంది, ఎండాకాలం ఇంకా వేడెక్కుతుంది.

వాల్వు మూసుకోకుండా తెరిచే ఇరుక్కుపోతే ఏమవుతుంది? రేడియేటర్ పారబోసే వేడి, కూలెంట్‌కూ బయటి గాలికీ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. ఇంజిన్ 90 దగ్గర ఉందనుకుంటే, విజయవాడలో మే నెల 42 డిగ్రీల్లో తేడా 48. మినియాపొలిస్‌లో మైనస్ 24లో తేడా 114. అదే రేడియేటర్, రెండు రెట్లకు పైగా వేడిని పారబోస్తుంది. హైవే మీద ఎదురుగాలి తోడైతే ఇంజిన్ వేడి దానికి చాలదు. సిగ్నల్ దగ్గర గాలి ఆగుతుంది, వేడి నిలుస్తుంది. మావాడి థర్మోస్టాట్ ఏ జులైలోనో పాడై ఉంటుంది, డిసెంబరులో పట్టుబడింది.

అయినా అనుమానం మీద స్పానర్ పట్టకూడదని, వరసగా చూడమన్నాను. ముందు కూలెంట్ మట్టం. అది తగ్గితే హీటర్‌లో గాలి చేరి చల్లగానే కొడుతుంది. మట్టం సరిగానే ఉంది. తర్వాత కూలెంట్ వేడిని కొలిచే సెన్సర్. రాత్రంతా బయట నిలిపిన కారు స్టార్ట్ చేయకుండా, కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రతనూ లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రతనూ పోల్చాలి. రెండూ దాదాపు ఒకటే ఉండాలి. మైనస్ 22, మైనస్ 23 చూపించాయి. మైనస్ 40 చూపిస్తే వైరు తెగిందని అనుమానించాలి. ఈ సెన్సర్‌లో చలి పెరిగేకొద్దీ నిరోధం పెరుగుతుంది, కాబట్టి తెగిన వైరు కంప్యూటర్‌కు మహా చలిలా కనిపిస్తుంది. మావాడి ఊళ్లో మైనస్ 40 అన్నా నమ్మేస్తారు, అదీ చిక్కు.

ఆ తర్వాత రేడియేటర్ పై పైపు. ఇంజిన్ వేడెక్కేంత వరకు అది చల్లగా ఉండి, థర్మోస్టాట్ తెరుచుకున్నాక గబుక్కున కాలాలి. మావాడి కారులో మొదటి నిమిషాల నుంచే గోరువెచ్చగా ఉంది. థర్మోస్టాట్ కింది పైపు వైపు ఉండే ఇంజిన్లలో కింది పైపు చూడాలి. పట్టుకునేటప్పుడు ఫ్యాన్‌కూ బెల్టుకూ చెయ్యి దూరం. స్కానర్‌లో హైవే మీద 62, సిగ్నల్ దగ్గర 74. కోడ్ పీ 0128. ఇంజిన్ ఎంతసేపటికి ఎంత వేడెక్కాలో కంప్యూటర్ లెక్కేసుకుని, అంత ఎక్కకపోతే వేసే కోడ్ అది. చాలా కార్ల డ్యాష్‌బోర్డు ముల్లును నమ్మి లాభం లేదు. కంగారు పెట్టకుండా, కాస్త అటూ ఇటూ అయినా మధ్యలోనే నిలబడేలా దాన్ని తయారు చేస్తారు.

మైలేజీ పడిపోయిందని కూడా అన్నాడు. పడదూ మరి! ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. స్కూటర్ చోక్ లాగి, మర్చిపోయి ఊరంతా తిరిగినట్టు. ఆయిల్ మూత విప్పితే అడుగున మీగడలాంటి పదార్థం ఉందని టెన్షన్ పడ్డాడు. కూలెంట్ ఆయిల్‌లో కలవకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయిందని ఎవరో భయపెట్టారు. కానీ పెట్రోలు కాలినా నీళ్లు పుడతాయి. అందులోని ఆక్టేన్ 114 గ్రాములు కాలితే 162 గ్రాముల నీళ్లు. లీటరు పెట్రోలు దగ్గర దగ్గర లీటరు నీళ్లు. చాలావరకు ఆవిరిగా సైలెన్సర్‌లోంచి పోతుంది. పిస్టన్ రింగుల పక్కనుంచి కాస్త కిందికి జారుతుంది. వేడి ఇంజిన్‌లో అదీ ఆవిరై పోతుంది, చల్లటి ఇంజిన్‌లో నీరై ఆయిల్‌తో చిలికి వెన్నవుతుంది. కూలెంట్ తగ్గనంత వరకు గాస్కెట్ జోలికి పోవద్దన్నాను.

ఆదివారం విప్పాడు. వీడియో కాల్‌లో థర్మోస్టాట్‌ను బల్బుకు ఎదురుగా పట్టుకుంటే వాల్వు అంచున నెలవంక లాంటి సందులోంచి వెలుతురు కనిపించింది. ఎప్పుడో ఎవరో పూసిన సీలెంట్ ముక్క గట్టిపడి అక్కడ ఇరుక్కుంది. మైనం తప్పేమీ లేదు. కొత్తది బిగించే ముందు పరీక్షించమన్నాను. దాన్ని వేడి నీళ్లలో పెట్టి, తెరుచుకోగానే వాల్వు సందులో దారం దూర్చి, బయటికి తీసి చల్లార్చితే వాల్వు దారాన్ని పట్టేస్తుంది. ఇక ఆ దారంతోనే గిన్నె నీళ్లలో అడుగు తగలకుండా వేలాడదీసి, థర్మామీటర్ పక్కన పెట్టి, స్టవ్ వెలిగించాలి. వాల్వు తెరుచుకున్న క్షణాన దారం జారి థర్మోస్టాట్ నీళ్లలో పడుతుంది. 87 దగ్గర టుప్పుమంది. ముద్ర 88.

పాతదాన్నీ అదే గిన్నెలో మరిగించి చూస్తానన్నాడు. అప్పటికే వాడి భార్య దాన్ని లాగేసుకుంది, పాలగిన్నె అట. పాతదానికి కూలెంట్ అంటి ఉంటుంది, అది తియ్యగా ఉండే విషం కాబట్టి ఆవిడదే న్యాయం. మర్నాడు హైవే మీద 89 చూపించిందని మెసేజ్ పెట్టాడు.