డేటాబేస్ ‘ఏమీ లేదు’ అన్నప్పుడు: అపోహలు - వాస్తవాలు

మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాయడం, దాని బాగోగులు చూడడం నా పని. వానాకాలం కోతలప్పుడు కాటా దగ్గర ట్రాక్టర్లు బారులు తీరుతాయి. ఆగస్టులో అదే కాటా మీదికి రోజంతా ఒక్క బండి కూడా ఎక్కకపోవచ్చు. రద్దీ రోజుల్లో సర్వర్ తట్టుకుంటుందా అని అందరూ అడుగుతారు. నాకు ఫోన్లు ఎక్కువగా వచ్చేది మాత్రం బండి రాని రోజుల్లోనే. క్వెరీకి (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నకు) జవాబుగా ఒక్క వరుస కూడా రాకపోతే ఏం చేయాలో చాలా ప్రోగ్రాముల్లో రాసి ఉండదు మరి.

అపోహ: వరుసలు లేకపోతే నల్ (విలువే లేదని చెప్పే గుర్తు) వస్తుంది. అది చూసుకుంటే చాలు.

ఏం వస్తుందన్నది మీరు వాడే భాషను, లైబ్రరీని బట్టి ఉంటుంది. జావా నుంచి డేటాబేస్‌తో మాట్లాడే జేడీబీసీలో ఎగ్జిక్యూట్‌క్వెరీ నల్ ఇవ్వనే ఇవ్వదు. ఖాళీ రిజల్ట్‌సెట్ ఇస్తుంది, మొదటిసారి నెక్స్ట్ పిలవగానే ఫాల్స్ అంటుంది. పైథాన్‌లో ఫెచ్‌వన్ నన్ (పైథాన్‌లో నల్ లాంటిది) ఇస్తే, ఫెచ్‌ఆల్ ఖాళీ జాబితా ఇస్తుంది. పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో గెట్ వాడితే ఎక్సెప్షన్ (పట్టుకోకపోతే ప్రోగ్రామును ఆపేసే ఎర్రర్) పడుతుంది. పీహెచ్‌పీకి డేటాబేస్ లైబ్రరీ అయిన పీడీవోలో ఫెచ్‌కాలమ్ ఫాల్స్ ఇస్తుంది. అసలు చిక్కు ఇక్కడే. రైతు బకాయి సున్నా అయితే వచ్చే విలువ కూడా సున్నాయే. దాన్ని మామూలు ఇఫ్‌తో పరీక్షిస్తే సున్నాకూ ఫాల్స్‌కూ తేడా ఉండదు. బాకీ తీర్చేసిన రైతుకు ‘ఈ పేరుతో రైతు లేడు’ అని తెరమీద పడుతుంది. మూడు సమాన గుర్తులతో, అంటే విలువతో పాటు దాని రకాన్నీ చూసి పోలిస్తే ఈ గొడవ ఉండదు.

అపోహ: వరుసలు లేకపోతే సమ్ (మొత్తం కూడే ఫంక్షన్) సున్నా ఇస్తుంది.

వరుసలను లెక్కపెట్టే కౌంట్ సున్నా ఇస్తుంది. సమ్, యావరేజ్, మ్యాక్స్ ఇవ్వవు. బండి రాని రోజు మొత్తం క్వింటాళ్లు అడిగితే ఫలితంలో ఒక వరుస వస్తుంది, అందులో నల్ ఉంటుంది. అంటే ‘వరుస వచ్చిందా’ అన్న మీ పరీక్ష పాసైపోతుంది, తర్వాతి లైనులో లెక్క తప్పుతుంది. అదే క్వెరీకి, వరుసలను గుంపులుగా విడగొట్టే గ్రూప్ బై తగిలిస్తే ఆ ఒక్క వరుస కూడా రాదు. జావాలో గెట్‌డబుల్ ఈ నల్‌ను చడీచప్పుడు లేకుండా సున్నాగా మార్చేస్తుంది. ‘ఇప్పుడు చదివింది నల్లేనా’ అని వాజ్‌నల్‌తో అడిగితే తప్ప ఆ సంగతి బయటపడదు.

దీనికి మందుగా ప్రతి చోటా కోఅలెస్ (నల్ బదులు మనం చెప్పిన విలువ ఇచ్చే ఫంక్షన్) పెట్టి సున్నా రాయడం ఇప్పుడొక అలవాటైంది. మొత్తానికైతే సరే. ఆ రోజు కొన్న ధాన్యం సున్నా క్వింటాళ్లు అన్నది నిజం. సన్నాల సగటు ధర సున్నా రూపాయలు అన్నది మాత్రం పచ్చి అబద్ధం. నెలవారీ గ్రాఫులో ధర ఒక్కసారిగా పాతాళానికి పడి, మర్నాడు లేచి కూర్చుంటే యజమాని ఏమనుకోవాలి? సగటు దగ్గర నల్‌ను నల్‌గానే వదిలేసి, తెరమీద ‘కొనుగోళ్లు లేవు’ అని రాయండి.

అపోహ: ఏమీ రాలేదంటే ఆ సమాచారం లేనట్టే.

నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఇదే. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాయి. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి. నారాయణపేట 2019లో వచ్చింది. అంతకుముందు నమోదైన రైతులను కొత్త జిల్లా పేరుతో వెతికితే ఖాళీయే. నల్గొండ, నల్లగొండ అని రెండు రకాల రాతలు ఉండనే ఉన్నాయి. వీటికి మించిన మాయ ఇంకొకటుంది. ‘మహబూబ్‌నగర్’ అని టైపు చేసేటప్పుడు చివరి పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనిపించని అక్షరం చేరవచ్చు. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతట అవే పెడతాయి. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. మామూలు సెట్టింగులతో ఉన్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ బైట్లను పోల్చి ‘ఇవి వేరు’ అంటుంది. ఊళ్లకు, జిల్లాలకు పేరుతో కాకుండా కోడ్‌తో వెతకండి. పేరు చూపించడానికి మాత్రమే.

‘ఈ జాబితాలో లేనివి’ అని అడిగే నాట్ ఇన్ ఇంతకంటే ప్రమాదకరం. ‘ఇంకా డబ్బు అందని రైతులు’ అనే జాబితా కోసం, చెల్లింపుల టేబుల్‌లో లేని రైతుల ఐడీలు తెమ్మని నాట్ ఇన్‌తో అడిగారనుకోండి. ఆ టేబుల్‌లో ఒక్క వరుసలో రైతు ఐడీ నల్‌గా ఉన్నా చాలు, జాబితా మొత్తం ఖాళీ. గుమాస్తా దాన్ని చూసి అందరికీ డబ్బు ముట్టిందనుకుంటాడు. నాట్ ఎగ్జిస్ట్స్ వాడితే ఈ బాధ ఉండదు.

అపోహ: ఎర్రర్ వస్తే ఖాళీ జాబితా చూపించడం మర్యాద.

ఎర్రర్‌ను పట్టుకునే క్యాచ్‌లో ఖాళీ జాబితా తిరిగి ఇచ్చే కోడ్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కనెక్షన్ తెగితే ‘రైతు వివరాలు లేవు’ అని పడుతుంది, గుమాస్తా అదే రైతును మళ్లీ నమోదు చేస్తాడు. పీడీవో పీహెచ్‌పీ 8.0 నుంచి, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ కోసం ఉన్న మైఎస్‌క్యూఎల్‌ఐ లైబ్రరీ పీహెచ్‌పీ 8.1 నుంచి పొరపాట్లకు వాటంతట అవే ఎక్సెప్షన్ విసురుతున్నాయి. పాత వెర్షన్లలో అడిగితేనే విసిరేవి.

అపోహ: ముందు వెతికి, లేకపోతేనే చేరిస్తే డూప్లికేట్లు రావు.

రెండు కాటాల దగ్గర ఇద్దరు ఒకే క్షణంలో వెతికితే ఇద్దరికీ ‘లేదు’ అనే వస్తుంది, ఇద్దరూ చేరుస్తారు. టేబుల్ మీద యూనిక్ నిబంధన (ఒకే విలువ రెండుసార్లు చేరకుండా ఆపేది) పెట్టాల్సిందే. దాని మీద, రికార్డు ముందే ఉంటే ఏం చేయాలో చెప్పే మాటలు, అంటే పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి ఉన్న ఆన్ కాన్‌ఫ్లిక్ట్ గానీ, మైఎస్‌క్యూఎల్‌లోని ఆన్ డూప్లికేట్ కీ అప్‌డేట్ గానీ వాడండి.

అపోహ: అప్‌డేట్‌కు సున్నా వరుసలు అంటే ఆ రికార్డు లేదు.

పీహెచ్‌పీ నుంచి మైఎస్‌క్యూఎల్‌కు పంపిన అప్‌డేట్‌లో రోకౌంట్ (వరుసల లెక్క చెప్పే ఫంక్షన్) మామూలుగా మారిన వరుసలనే లెక్కిస్తుంది. తేమ శాతం 17 ఉన్నచోట మళ్లీ 17 రాస్తే వచ్చేది సున్నాయే. రికార్డు అక్కడే ఉంటుంది.

అపోహ: ఖాళీ జాబితాకు 404 (‘అడిగింది దొరకలేదు’ అని వెబ్ సర్వర్ ఇచ్చే కోడ్) పంపాలి.

అక్కర్లేదు. ఆగస్టు కొనుగోళ్ల జాబితా అనే వనరు ఉంది, అందులో ఈ రోజు ఏమీ లేవు. 200 (‘అంతా సరే’ అనే కోడ్)తో పాటు ఖాళీ జాబితా పంపండి. ఫలానా నంబరు కాటా చీటీ అడిగినప్పుడు అది లేకపోతే, అప్పుడు 404.