కావడి బరువూ, కారు మలుపూ

రెండు సీట్లు, నేలకు ఆనుకున్నట్లుండే ఆకారం, చెవులు హోరెత్తించే శబ్దం ఉంటే అది స్పోర్ట్స్ కారు అయిపోతుందా, లేక ఇన్ని హార్స్‌పవర్లు ఉండి తీరాలన్న లెక్క ఏదైనా ఉందా అని ఒక పాఠకుడు అడిగారు. శక్తి లెక్క తేల్చడం సులువు. 1989లో మాజ్దా సంస్థ తెచ్చిన ఎంఎక్స్-5లో ఉన్నది 1.6 లీటర్ల ఇంజన్, సుమారు 115 హార్స్‌పవర్లు. తిన్నటి రోడ్డు మీద దాన్ని దాటిపోగల కుటుంబ కార్లు నేడు కోకొల్లలు. అయినా రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ అమ్ముడైనది అదే; 2016లో పది లక్షలవ కారు తయారైంది. దాని గొప్పతనం మలుపులో తెలుస్తుంది.

భుజాన నీళ్ల కావడి మోస్తున్న మనిషిని గమనించండి. తిన్నగా నడిచినంతసేపు ఇబ్బంది లేదు. గబుక్కున పక్కకు తిరగాలంటే మాత్రం ముందు మనిషి తిరుగుతాడు, ఆ తర్వాతే బిందెలు కదులుతాయి. తిరిగి ఆగుదామంటే అవి ఆగవు, ఇంకా అటే లాగుతాయి. అవే బిందెలను కొసల నుంచి భుజం దగ్గరకు, అంటే 90 సెంటీమీటర్ల దూరం నుంచి 30కి జరిపితే, మోసే బరువు మారదు గానీ తిరగడానికి బిందెలు చేసే ప్రతిఘటన తొమ్మిదో వంతుకు పడిపోతుంది. దీన్నే జడత్వ భ్రామకం అంటారు. అందులో దూరం వర్గమై కూర్చుంటుంది. ఇంటర్‌లో ఈ పాఠాన్ని కడ్డీలు, బిళ్లలు, ఉంగరాల సూత్రాలుగా బట్టీ పట్టిస్తారు. క్లాసులోకి ఒక్క కావడి తెస్తే సగం పని తీరేది.

కారులో ఇంజన్, గేర్‌బాక్స్, పెట్రోలు ట్యాంకు, మనుషులు, ఇవన్నీ బిందెలే. స్టీరింగ్ తిప్పగానే ముందు టైర్లు పక్కకు తోస్తాయి. అలా కారును తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను, జడత్వ భ్రామకంతో భాగిస్తే కారు ఎంత చురుకుగా తిరగడం మొదలుపెడుతుందో తెలుస్తుంది. కారు కొంత తిరిగి, వెనక టైర్లు ప్రయాణ దిశకు కాస్త వాలుగా పడ్డాకే అవీ తోయడం మొదలుపెడతాయి. ఈ రెండింటి మధ్య ఆలస్యం ఎంత తక్కువైతే, చేతి మాట కారు అంత వింటున్నట్లు అనిపిస్తుంది.

అందుకే ఎంఎక్స్-5 ఇంజన్‌ను ముందు ఇరుసుకు వెనక్కి జరిపారు. ముందు సగం, వెనక సగం బరువు అని ప్రకటనలు గొప్పగా చెబుతాయి గానీ, కొసలకు బిందెలు కట్టిన కావడి కూడా సరిసమానంగానే తూగుతుంది కదా! ఆ తూకం కోసమే తొలి ఎంఎక్స్-5లో బ్యాటరీని డిక్కీలో పెట్టారు. అంటే తూకం కొనడానికి కాస్త చురుకుదనం చెల్లించారన్నమాట.

1963లో కనిపించిన పోర్షె 911లో ఇంజన్ వెనక ఇరుసుకు కూడా వెనక వేలాడుతుంది. మలుపు మధ్యలో బెదిరి యాక్సిలరేటర్ వదిలితే భారం ముందుకు జరిగి, వెనక టైర్ల పట్టు సడలి, తోక బయటికి కొట్టుకుపోతుంది. ఇంజన్‌ను ఇరుసుల మధ్యకు తెస్తే ఆ గొడవ తగ్గుతుంది గానీ, తేలికగా తిరిగే కారు హద్దు దాటితే తేలికగానే గిర్రున తిరిగిపోతుంది.

ఇక మొత్తం బరువు. బరువు రెట్టింపైతే తిరగడానికి కావలసిన బలమూ, టైరు పట్టూ రెండూ రెట్టింపవుతాయి కనుక తేడా ఉండదని పాఠ్యపుస్తకం చెబుతుంది. రబ్బరు ఆ మాట వినదు. దాని పట్టు రెట్టింపుకు తక్కువే పెరుగుతుంది. 1000 కిలోల కారుకు గరిమనాభి, అంటే మొత్తం బరువు కేంద్రీకృతమైనట్లుండే బిందువు, 50 సెంటీమీటర్ల ఎత్తున, కుడి ఎడమ చక్రాల మధ్య దూరం 140 సెంటీమీటర్లు అనుకుందాం. గురుత్వ త్వరణంలో 0.8 వంతుతో మలుపు తిరిగితే, ఒక్కో వైపు 500 కిలోలుగా ఉన్న భారం బయటివైపు 786, లోపలివైపు 214 అవుతుంది. లోపలి టైర్లు కోల్పోయినంత పట్టును బయటి టైర్లు సంపాదించలేవు. గరిమనాభి ఎత్తు తగ్గితే భారం ఇలా జరగడమూ తగ్గుతుంది. కారును నేలకు దించడం అలంకారం కోసం కాదు.

2008లో లోటస్ ఎలీజ్ అనే చిన్న స్పోర్ట్స్ కారు ఆధారంగా వచ్చిన తొలి టెస్లా విద్యుత్ కారు రోడ్‌స్టర్ బరువు సుమారు 1300 కిలోలు, అందులో దాదాపు 450 బ్యాటరీదే. సీట్ల వెనక, ఇరుసుల మధ్యే ఉండటం వల్ల దాని జడత్వ భ్రామకం అదుపులో ఉంటుంది. మొత్తం భారం మోసే టైర్ల కష్టం మాత్రం తగ్గదు.