గేమ్‌లో ఉన్న తుపాకీ సైన్యంలో ఎందుకు లేదు?

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

మీ వీడియో గేమ్‌లో ఉన్న, ఆగకుండా పేలే షాట్‌గన్ జాక్‌హ్యామర్‌ను ఏ దేశం సైన్యం వాడుతోందని ఫోన్లో అడిగారు కదా. ఏ సైన్యమూ వాడలేదర్రా. దాన్ని 1980లలో అమెరికాలో జాన్ ఆండర్సన్ రూపొందించారు. పది తూటాలు పట్టే గుండ్రటి పెట్టె, పేల్చిన ప్రతిసారీ తిరిగి తర్వాతి తూటాను గొట్టం వెనక సూటిగా నిలుపుతుంది. ముచ్చటైన ఏర్పాటే. కానీ తయారైనవి వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని నమూనాలే.

షాట్‌గన్ తూటా పేలితే చాలా గుళ్లు ఒకేసారి విచ్చుకుంటూ వెళ్తాయి. ఇరుకు చోట ఎదురుపడ్డవాడికి తప్పించుకునే దారి ఉండదు. అందుకే మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో అమెరికా సైనికులు వించెస్టర్ 1897 షాట్‌గన్లు పట్టుకుని ఫ్రాన్స్ కందకాల్లోకి దిగారు. కందకాల్లోని తడికి అట్ట తూటాలు ఉబ్బిపోయేవి, తర్వాత ఇత్తడివి చేయించారు. అనవసరమైన బాధ కలిగించే ఆయుధాలు వాడకూడదన్న హేగ్ ఒప్పందాన్ని ఈ షాట్‌గన్లు ఉల్లంఘిస్తున్నాయని జర్మనీ ఆ సెప్టెంబరులో నిరసన తెలిపింది. అమెరికా ఒప్పుకోలేదు. అంతకుముందే విషవాయువు వదిలిన జర్మనీ ఈ మాట అనడం నాకు మింగుడుపడదు. అయినా ఇది అనవసరమైన బాధ కలిగించే ఆయుధమా అన్న ప్రశ్న అడగాల్సిందే. గుళ్లు దిగిన ఒంటికి కలిగే బాధ ఏ గేమూ చూపించదు.

వియత్నాం అడవుల్లో శత్రువు దగ్గర్లోనే, క్షణంపాటు కనిపించి మాయమయ్యేవాడు. గురిచూసే వ్యవధి లేనప్పుడు పది గుళ్లు వెళ్తే ఒకటైనా తగులుతుందన్న ఆలోచన బలపడింది. 1972లో మాక్స్‌వెల్ అచిసన్ ఆగకుండా పేలే షాట్‌గన్ రూపొందించారు. 1980లలో అమెరికా సైన్యం కోసం జర్మనీకి చెందిన హెక్లర్ అండ్ కోచ్, అమెరికాకు చెందిన ఓలిన్ కలిసి కొత్త తుపాకీనీ, టంగ్‌స్టన్ గుళ్ల తూటానూ తయారుచేశాయి. ఆ పథకమూ ఆగిపోయింది.

అసలు చిక్కు తూటాలోనే ఉందని నా నమ్మకం. మామూలు షాట్‌గన్ తూటా ఇంచుమించు 45 గ్రాములు, సైనికుడి రైఫిల్ తూటా 12 గ్రాములు. మూడు నాలుగు రైఫిల్ తూటాల బరువుకు ఒక్క షాట్‌గన్ తూటా అన్నమాట. వేగంగా పేల్చే తుపాకీ ఇస్తే అవి ఇట్టే అయిపోతాయి. మోసేది మనిషే కదా! పైగా మామూలు గుళ్లు యాభై మీటర్లు దాటితే చెదిరిపోతాయి. రైఫిల్ అంతకు ఎన్నో రెట్ల దూరం కొడుతుంది.

ఇప్పటికీ సైన్యాల్లో షాట్‌గన్లు ఉన్నాయి. కాపలాకు, మూసిన తలుపుల గడియలూ బందులూ పగలగొట్టడానికి వాడతారు. వాటిలో చాలావరకు ప్రతి తూటాకూ చేత్తో లాగి పేల్చే పాతరకం తుపాకులే.

మీ తాతయ్య