పక్కపక్కన రెండు చిమ్నీలు: అపోహలు - వాస్తవాలు

పటాన్‌చెరు, జీడిమెట్ల వైపు ఫ్యాక్టరీల్లో బాయిలర్ పెంచితే పాత స్టీల్ చిమ్నీ పక్కనే అదే డ్రాయింగ్‌తో ఇంకోటి లేపేస్తారు, మొదటిది నిలబడింది కదా రెండోదీ నిలబడతది అని. గాలి లోడ్ లెక్కలు నా పని కాబట్టి మీటింగుల్లో రోజూ వినే మాటలు కొన్ని రాస్తున్నా.

అపోహ: ముందున్న చిమ్నీ గాలిని ఆపుతది, వెనకది సేఫ్.

సగమే నిజం. గుండ్రటి చిమ్నీ దాటి పోయే గాలిలో సుడులు ఒకసారి ఎడమ నుంచి ఒకసారి కుడి నుంచి విడిపోతుంటాయి, విడిపోయిన ప్రతిసారీ చిమ్నీని పక్కకి గుంజుతాయి. ఇప్పుడు రెండూ ఒకదాని వెనక ఒకటి ఉన్నాయనుకోండి, సెంటర్ టు సెంటర్ దూరం డయాకి (చిమ్నీ అడ్డకొలతకి) సుమారు మూడున్నర రెట్ల లోపుంటే ముందుదాని నుంచి విడిన గాలి పొరలు వెనకదాని మీద వాలిపోతాయి, మధ్యలో సుడులు సరిగ్గా కట్టవు, వెనకదాని సగటు డ్రాగ్ (గాలి తన దిశలో నెట్టే బలం) మైనస్‌లోకి కూడా పోతది, అంటే అది గాలికి ఎదురుగా ముందుకే గుంజుకుంటది! నాలుగు రెట్లు దాటిందా, ముందుదాని సుడులు మధ్యలోనే పుట్టి పోయి వెనకదానికి కొడతాయి. సగటు లోడ్ తక్కువే కనపడతది, పక్కలకి ఊపు మాత్రం ఒంటరి చిమ్నీకంటే ఎక్కువ. ముంబై హైవే మీద లారీ వెనక బైక్ నడిపినోళ్లకి ఇది చెప్పక్కర్లేదు. 1965 నవంబర్ 1న ఇంగ్లండ్‌లో ఫెర్రీబ్రిడ్జ్ పవర్ స్టేషన్‌లో 8 కూలింగ్ టవర్లలో 3 కూలాయి, కూలినవి గాలికి వెనక వరసలో ఉన్నవే.

అపోహ: పెద్ద గాలికి డిజైన్ చేశాం, చాలు.

ఐఎస్ 875లో, అంటే లోడ్లకి మన దేశపు కోడ్‌లో, హైదరాబాద్‌కి గాలి వేగం సెకనుకి 44 మీటర్లు అని ఉంటది, అందరూ అక్కడే ఆగిపోతారు. మీటర్ డయా చిమ్నీ సెకనుకి ఒకటిన్నర సార్లు ఊగే రకం అయితే, స్ట్రౌహల్ నంబర్ (గాలి వేగం, డయాని బట్టి సుడులు సెకనుకి ఎన్నిసార్లు విడిపోతాయో చెప్పే అంకె) 0.2 వేసి చూడండి, సుడుల లయ చిమ్నీ ఊపుతో కలిసేది సెకనుకి 7.5 మీటర్ల దగ్గర, గంటకి 27 కిలోమీటర్లు. అది మన ఆషాఢం గాలే. ఒక్కరోజులో ఏమీ కాదు, వెల్డులు అలిసిపోయి అడుగున క్రాక్ వస్తది. పైగా ఆ 0.2 ఒంటరి చిమ్నీది, జంటకి మారుద్ది.

అపోహ: గాలికి అడ్డంగా పక్కపక్కన ఉంటే రెండింటికీ సమానమే.

నాకు బాగా ఇష్టమైంది ఇదే. దూరం డయాకి 1.2 నుంచి 2 రెట్ల మధ్య ఉంటే, రెండూ అచ్చం ఒకేలా ఉన్నా సరే, మధ్య సందులోంచి వచ్చే జెట్ నిటారుగా పోదు, ఒక పక్కకి వాలతది. నీళ్లలో రంగు వదిలి చూస్తే ఒకదాని వెనక సన్నటి తోక, ఇంకోదాని వెనక వెడల్పాటి తోక. కాసేపాగి ఉన్నట్టుండి జెట్ రెండో పక్కకి తిరుగుద్ది, ఎప్పుడు తిరుగుద్దో చెప్పలేం. జూనియర్లు సిమ్యులేషన్‌లో ఇది చూసి సర్ మెష్ (లెక్క కోసం గాలి జాగాని కోసిన గడులు) తప్పొచ్చింది అని పరిగెత్తుకొస్తారు. మెష్ బానే ఉంటది, రన్ టైమే చాలదు, చిన్న రన్‌కి సగటు తీస్తే ఒక చిమ్నీకి ఎక్కువ డ్రాగ్ ఇంకోదానికి తక్కువ చూపిస్తది, అది రిపోర్ట్‌లో పెట్టారంటే అయిపోయింది.

అపోహ: స్ట్రేక్స్ (సుడుల్ని చెదరగొట్టడానికి చిమ్నీకి మెలికలుగా చుట్టే రెక్కలు) చుట్టేస్తే అయిపోయే.

ఒంటరి చిమ్నీకి చక్కగా పనిచేస్తాయి. వెనక చిమ్నీని ఊపేది ముందుదాని సుడులు కాబట్టి దానికి చుట్టిన స్ట్రేక్స్ అంతగా ఆదుకోవు, డ్యాంపర్ (ఊపుని తగ్గించే పరికరం) పెట్టడమో రెండింటినీ కలిపి కట్టడమో చూడాలి. అందుకే కొత్తదాని డ్రాయింగ్ పంపేటప్పుడు పాతదాని డయా, ఎత్తు, మధ్య దూరం కూడా పంపండి, పాతదాన్నీ మళ్లీ లెక్క కట్టాలి.