గీత దాటడానికి తొందరపడని రైలు

నేల ఎత్తుపల్లాలు చూపే పాత టోపోగ్రాఫిక్ పటాల్లో రైలుమార్గం కొండ దగ్గరికి రాగానే అన్నేసి వంకర్లు ఎందుకు తిరుగుతుందని ఒక పాఠకుడు అడిగారు. మార్గం మెలిక తిరిగితే ఎవరో భూస్వామి పలుకుబడి పనిచేసిందని చెప్పుకోవడం మామూలే. అసలు జవాబు పటంలోని గోధుమరంగు గీతల్లోనే ఉంది. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే ఈ గీతలనే కాంటూర్లు అంటారు.

అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆల్టూనా పరిసరాలు చూద్దాం. అలెఘెనీ కొండల పాదాన 1849లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ వెలయించిన ఊరది. అక్కణ్ణుంచి పడమరకు, గాలిట్జిన్ దాకా 12 మైళ్లలో సుమారు 1,000 అడుగులు ఎక్కాలి.

అమెరికా జియలాజికల్ సర్వే పాత పటాల్లో బాగా వాడిన స్కేలు 1:62,500. అంటే అంగుళానికి దాదాపు మైలు. కాంటూరు గీతలు 20 అడుగుల ఎత్తుకొకటి ఉన్నాయనుకోండి. ఈ దారిలోలా 1.8 శాతం వాలులో, అంటే వంద అడుగులకు 1.8 అడుగులు లేచే చోట, 20 అడుగులు ఎక్కడానికి రైలు 1,111 అడుగులు నడవాలి. పటం మీద అది 5.4 మిల్లీమీటర్లు. 30 శాతం వాలున్న కొండమీదేమో గీతకూ గీతకూ మధ్య మిల్లీమీటరులో మూడోవంతే! నిటారుగా వెళితే రైలు ఒకటి దాటాల్సిన చోట పదహారు దాటాలి. అందుకే అది గీత వెంబడే నడుస్తూ, మెల్లగా పై గీతకు జరుగుతుంది. లోయ వచ్చినచోట కాంటూరు వాగు పుట్టినవైపు లోపలికి వంగి, అవతలి గట్టున వెనక్కి వస్తుంది. రైలూ అంతే. 1854లో తెరిచిన హార్స్‌షూ కర్వ్ ఇలా పుట్టిందే. 2,375 అడుగుల ఆ వంపు మొత్తంలో, 1.8 శాతం లెక్కన చూసినా, ఎక్కేది 43 అడుగులు, అంటే రెండే గీతలు. దాని వెనకున్న ఇంజనీరు జె. ఎడ్గర్ థామ్సన్. నాకది అపురూపమైన పని.

ఇంత ఓపిక ఎందుకంటే, చదునైన పట్టాల మీద టన్ను బరువును లాగడానికి రెండు మూడు కిలోల బలం చాలు. ప్రతి ఒక్క శాతం వాలుకూ మరో 10 కిలోలు కావాలి. 1.8 శాతానికి అదనంగా 18! పైగా ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి పట్టు తక్కువ. సాయానికి అదనపు ఇంజన్లు తగిలించాల్సిందే. ఆల్టూనా అక్కడ వెలయడానికి కారణం ఈ ఎక్కుడే.

బడిలో పటం పాఠమంటే రంగులూ గుర్తులూ బట్టీ పట్టించడమే. పిల్లల చేతికి స్కేలిచ్చి రైలు గీత ఎన్ని కాంటూర్లు దాటిందో లెక్కపెట్టిస్తే వాలు వాళ్లకే తెలుస్తుంది.

ఇవే కొండల మీద 1834 నుంచి అలెఘెనీ పోర్టేజ్ రైల్‌రోడ్ నడిచింది. దాని పది ఏటవాలు దారుల్లో వాలు 10 శాతం దాకా ఉండేది. అలాంటి దారిని అదే పటం మీద గీస్తే మిల్లీమీటరుకో కాంటూరు తెగుతుంది. అక్కడ బళ్లను లాగింది చక్రాల పట్టు కాదు, పైన స్థిరంగా బిగించిన ఆవిరియంత్రాలు తిప్పే మోకులు.