ఎంసీబీ ఉంది కదా, ఇంకేం భయం?

ఎలక్ట్రికల్ చదివిన పాపానికి నన్ను పెళ్లిళ్లలో కూడా వదలరు. బంతిలో పక్కన కూర్చున్న బాబాయ్ పప్పు కలుపుకుంటూ "ఒరేయ్, మా గీజర్ ప్లగ్గు నల్లబడుతోంది, ఎందుకంటావ్?" అని అడుగుతాడు. చేతులు కడుక్కునే దగ్గర వదిన ఆపి "స్విచ్ ఆపినా బల్బు మినుకుమంటోంది, మీటర్ తిరుగుతుందా?" అంటుంది. ఎవరు ఏది అడిగినా చివర్లో ఒక మాట మాత్రం తప్పకుండా వస్తుంది: "అయినా ఎంసీబీ ఉంది కదా, ఇంకేం భయం?" ఎంసీబీ అంటే మెయిన్ బోర్డులో ఉండే, కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మా పెద్దమ్మ కూలర్ గుర్తొస్తుంది.

మే నెల, కరీంనగర్. ఇనుప రేకుల కూలర్. మూడు వైపులా గడ్డి, అడుగున నీళ్ల తొట్టి, ఆ నీళ్లలో మునిగి ఉండే చిన్న పంపు. ఎండన పడి వచ్చిన నేను ఫ్యాను వేగం పెంచుదామని దాని మీద చెయ్యి వేయబోయాను. "చెప్పులేసుకొని ముట్టు బిడ్డా, జివ్వుమంటది" అంది పెద్దమ్మ, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా. మూడు ఎండాకాలాలుగా ఇదే వరస. ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే టెస్టర్ పెట్టి చూసి, "కొంచెం ఎర్త్ కొడుతోందమ్మా, ఏం కాదు" అని వెళ్లిపోయాడట.

ఈ 'ఎర్త్ కొట్టడం' అన్న మాట విచిత్రమైనది. ఎర్త్ అంటే లీకైన కరెంటును నేలలోకి దింపే వైరు. నిజానికి అది సరిగ్గా ఉన్న చోట అలా కొట్టదు, లేని చోటే కొడుతుంది. తప్పంతా ఎర్త్ లేకపోవడంలో ఉంటే, పేరు మాత్రం ఎర్త్ మీద పడింది.

జివ్వుమనడం ఎలా జరుగుతుందో చూద్దాం. పంపు వైరు తొడుగు ఎక్కడో పగిలింది. నీళ్ల ద్వారా ఇనుప బాడీకి ఫేజు, అంటే కరెంటు మోసుకొచ్చే వైరు, అందింది. మనం బాడీని ముట్టుకుంటే కరెంటు మన ఒంట్లోంచి నేలలోకి దిగుతుంది. నేలలోకే ఎందుకు? కరెంటుకు భూమి మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. అది బయల్దేరిన ట్రాన్స్‌ఫార్మర్‌కే తిరిగి చేరాలి. వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ని, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరుని, భూమికి కలిపి ఉంచుతారు కాబట్టి, నేల కూడా దానికి తిరుగు దారే. చెప్పులు ఆ దారికి అడ్డం పడతాయి. తడి నేల, ఉత్తకాళ్లు ఆ అడ్డం తీసేస్తాయి.

ఎంత కరెంటు ప్రమాదం అన్నదే అసలు లెక్క. అర మిల్లీ ఆంపియర్ దాటితే చురుక్కుమంటుంది. మిల్లీ అంటే వెయ్యో వంతు. 10 మిల్లీ ఆంపియర్ల దగ్గరికి వచ్చేసరికి చేతి కండరాలు బిగుసుకుపోతాయి, పట్టుకున్నది వదలలేం. 'కరెంటు లాగేసింది' అని ఊళ్లో అంటారే, అది లాగడం కాదు, మన పిడికిలే మన మాట వినకపోవడం. అమెరికాలోని బర్క్‌లీలో చార్లెస్ డాల్‌జీల్ అనే ప్రొఫెసర్ ఈ సంగతిని వలంటీర్ల మీద కొలిచాడు. సగటున మగవాళ్లు 16, ఆడవాళ్లు 10.5 మిల్లీ ఆంపియర్ల వరకు తీగను తమంతట తాము వదలగలిగారు. ఇంకాస్త పెరిగి 50, 100 మిల్లీ ఆంపియర్లు గుండె మీదుగా ఒకటి రెండు సెకన్లు పోతే, గుండె కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెట్టవచ్చు. మన ఇళ్లలో ఉండేది 230 వోల్టులు. ఒంటి నిరోధం సుమారు వెయ్యి ఓములు అనుకుంటే 230 మిల్లీ ఆంపియర్లు పారుతాయి. పెద్దమ్మను మూడేళ్లు కాపాడింది ఎలక్ట్రీషియన్ మాట కాదు, లీకు చిన్నది కావడం, కాళ్లకు హవాయి చెప్పులు ఉండటం. అంతే.

ఇప్పుడు ఎంసీబీ సంగతి. దాని మీద 16 అని రాసి ఉంటే 16 ఆంపియర్లని అర్థం, అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి ప్రాణానికి 100 చాలు. మీ ఒంట్లోంచి పోయే పావు ఆంపియర్ దానికి చిన్న బల్బు వెలిగినట్టే లెక్క, పట్టించుకోదు. దాని ఉద్యోగం వేరే: గోడలో ఉన్న వైరు కాలిపోకుండా చూడటం. ఎక్కువ లోడు పడితే లోపలి లోహపు పట్టీ వేడికి వంగి స్విచ్‌ని పడేస్తుంది. షార్ట్ సర్క్యూట్ అయితే అందులోని తీగచుట్ట అయస్కాంతంలా లాగి క్షణంలో పడేస్తుంది. పాత ఇళ్లలో కిట్‌క్యాట్ ఫ్యూజు చేసిన పనే ఇది, కాస్త నాజూకుగా. కనీసం ఎంసీబీలో రాగి పోగులు నాలుగు మెలిపెట్టి చుట్టడం కుదరదు, అదొక మేలు.

మరి మనిషిని కాపాడేదేమిటి? మొదటిది ఎర్త్. త్రీ పిన్ ప్లగ్గులో పై పిన్ను మిగతా రెండిటికంటే పొడుగ్గా, లావుగా ఉంటుంది, గమనించారా? ప్లగ్గు పెట్టేటప్పుడు ముందు ఎర్త్ కలవాలి, తీసేటప్పుడు చివరన విడిపోవాలి. అందుకే ఆ పొడుగు. పొరపాటున ఫేజు కన్నంలో దూరకుండా ఆ లావు. ఇంత ఆలోచించి చేసిన పిన్నును మన వాళ్లు 'టూ పిన్ సాకెట్‌లో పట్టడం లేదు' అని విరిచేస్తారు. బోర్డు వెనక కథ ఇంకా ఘోరం. పెద్దమ్మ వాళ్ల బోర్డు స్క్రూలు విప్పి చూశాను. మెయిన్ నుంచి ఆకుపచ్చ వైరు బుద్ధిగా అక్కడిదాకా వచ్చింది. వచ్చి, రెండు మడతలు పడి, కొసన నల్ల టేపు చుట్టుకుని మూల కూర్చుంది. సాకెట్ ఎర్త్ స్క్రూ మాత్రం కొత్తగా మెరుస్తోంది, ఒక్కసారీ బిగించిన ఆనవాలు లేదు. ఇల్లు కట్టినప్పుడు ఎర్త్ గుంతకు డబ్బు తీసుకున్నారు, బొగ్గు, ఉప్పు, పైపు అన్నీ వేశారు, ఎండాకాలం అందులో నీళ్లు కూడా పోస్తున్నారు. ఆఖరి రెండంగుళాలు మాత్రం కలపలేదు.

కొందరు ఇంకో అడుగు ముందుకేసి సాకెట్‌లోనే న్యూట్రల్‌కీ ఎర్త్ పిన్నుకీ ముక్క వైరు కలిపేస్తారు. టెస్టర్ వెలగదు, షాక్ కొట్టదు, అందరూ సంతోషం. కానీ ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజున ఫేజు మొత్తం ఫ్రిజ్ తలుపు మీదకి, వాషింగ్ మెషీన్ బాడీ మీదకి వచ్చి కూర్చుంటుంది. మీ ఇంట్లో ఇలా చేసినవాళ్లుంటే మళ్లీ పిలవొద్దు.

సరే, ఎర్త్ పక్కాగా ఉంది. ఇక చాలా? ఇక్కడ చాలామంది ఇంజినీర్లు కూడా తొందరపడతారు. గీజర్‌లో ఫేజు నేరుగా బాడీకి తగిలిందనుకుందాం. కరెంటు మన ఎర్త్ గుంతలోకి దిగి, నేల మీదుగా, ట్రాన్స్‌ఫార్మర్ గుంత దగ్గర పైకెక్కాలి. ఈ దారి నిరోధం అంతా కలిపి 10 ఓములు ఉంటే పారేది 23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సి రకం ఎంసీబీ క్షణంలో పడాలంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. 23కి అది పడిపోవడానికి గంట కూడా పట్టవచ్చు. అంతసేపూ గీజర్ బాడీ మీద వంద వోల్టులకు పైనే ఉండొచ్చు, స్నానాల గదిలో, తడి ఒంటితో మనం ఉండొచ్చు.

ఈ లోటు పూడ్చేదే ఆర్‌సీసీబీ. చూడటానికి ఎంసీబీలాగే ఉంటుంది, కాస్త వెడల్పుగా, 'టెస్ట్' అని ఒక చిన్న బటన్‌తో. లోపల ఒక అయస్కాంతపు ఉంగరం, దాని మధ్యలోంచి ఫేజు, న్యూట్రల్ రెండూ పోతాయి. వెళ్లిన కరెంటు అంతా తిరిగొస్తే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, ఉంగరం మెదలదు. బస్టాండులో కండక్టర్ తలలు లెక్కపెట్టినట్టు, ఎక్కినవాళ్లు ఎంతమందో దిగినవాళ్లు అంతమందేనా అని చూడటమే దాని పని. 5 ఆంపియర్లు వెళ్లి 4.97 మాత్రమే తిరిగొస్తే, ఆ 0.03 ఎక్కడో, బహుశా ఎవరో మనిషిలోంచి, నేలలోకి పోతోందని అర్థం. ఉంగరం మీది సన్నని చుట్టలో కరెంటు పుట్టి మీట పడిపోతుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడాకి 0.3 సెకన్లలోపు, అయిదింతలైతే 0.04 సెకన్లలోపు పడాలని ప్రమాణం. గుండె ఒక్కసారి కొట్టుకోవడానికి పట్టే కాలం కంటే తక్కువే. షాక్ అసలు కొట్టదని కాదు. కొడుతుంది, కానీ వదిలేస్తుంది.

కొనేటప్పుడు 30 మిల్లీ ఆంపియర్లదే అడగండి. 100, 300 రాసి ఉన్నవి మంటల నుంచి కాపాడటానికి, మనిషికి పనికిరావు. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కాలి, పడకపోతే మార్చాలి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే మాత్రం అది కాపాడలేదు, ఎందుకంటే దాని లెక్క ప్రకారం ఎక్కినవాళ్లందరూ దిగారు. ఇంకో చిక్కు ఇన్వర్టర్‌ది. ఇన్వర్టర్ లైన్ల న్యూట్రల్, మామూలు లైన్ల న్యూట్రల్ కలిసిపోయి ఉంటే ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతూ ఉంటుంది. న్యూట్రల్స్ విడదీయడం ఓపికతో కూడిన పని. కాబట్టి చాలా ఇళ్లలో ఆర్‌సీసీబీనే పీకేస్తారు, కుక్క అరుస్తోందని కుక్కను తరిమినట్టు. అన్నట్టు, మెయిన్ ఆపినా ఇన్వర్టర్ వైర్లలో కరెంటు ఉంటుంది. బోర్డు విప్పే ముందు దాన్నీ ఆపాలి.

బాబాయ్ గీజర్ ప్లగ్గు సంగతి మర్చిపోలేదు. 3 కిలోవాట్ల గీజర్ 13 ఆంపియర్లు తీసుకుంటుంది. సాకెట్ లోపలి ఇత్తడి పట్టీలు వదులైతే ఆ లూజ్ కాంటాక్ట్ దగ్గర 0.2 ఓముల నిరోధం చేరిందనుకుందాం. కరెంటుని కరెంటుతో గుణించి నిరోధంతో గుణిస్తే 34 వాట్ల వేడి. రేడియో రిపేర్ షాపులో సీసాన్ని కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది! దాన్ని మించింది మీ గోడలో, ప్లాస్టిక్ మధ్యలో, పొద్దున్నే అరగంట వెలుగుతోందన్న మాట. ఎంసీబీకి కనిపించేది 13 ఆంపియర్లే, అది పడదు. ఆర్‌సీసీబీకి లెక్క సరిపోతోంది, అదీ పడదు. దీన్ని పట్టగలిగింది మీ ముక్కు, మీ చెయ్యి మాత్రమే. స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, పిన్నుల మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చుర్రుమంటే సాకెట్ మార్చాలి, ప్లగ్గు ఒక్కటే కాదు. గీజర్‌కి, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి. బయట అమ్మే మల్టీప్లగ్గులో ఇండక్షన్ స్టవ్ పెట్టడం గురించి నేను మాట్లాడను, బీపీ వస్తుంది.

వదిన బల్బుకి జవాబు చిన్నది. స్విచ్ ఫేజు మీద కాక న్యూట్రల్ మీద పెట్టి ఉండొచ్చు, లేదా స్విచ్‌లో ఎర్ర ఇండికేటర్ ఉండొచ్చు, పక్కపక్కన పోయే వైర్ల వల్ల కూడా అవ్వొచ్చు. ఎల్‌ఈడీకి చిటికెడు కరెంటు చాలు కాబట్టి మినుకుమంటుంది. బిల్లుకి ఏం కాదు. కానీ స్విచ్ న్యూట్రల్ మీద ఉంటే, ఆపినా హోల్డర్‌లో ఫేజు ఉన్నట్టే. అది సరిచేయించాలి.

వానాకాలం వస్తోంది కాబట్టి ఒక్క మాట. ఇనుప తీగతో దండెం కట్టి, దాని కొసను సర్వీసు వైరు పోయే పైపుకో రేకుల షెడ్డుకో చుట్టకండి. వైరు తొడుగు ఒరుసుకుపోయిన రోజున తడి బట్టలు ఆరేసే చెయ్యే మొదట ముట్టుకుంటుంది. నైలాన్ తాడు చాలు. ఎవరికైనా షాక్ కొట్టి అతుక్కుపోతే వాళ్లను పట్టుకుని లాగకండి. ముందు మెయిన్ ఆపండి. అందకపోతే ఎండు కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో నెట్టండి. ఊపిరి లేకపోతే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టి, పక్కవాళ్లతో 108కి ఫోన్ చేయించండి. వీధిలో తెగిపడిన వైరు కనిపిస్తే దగ్గరికి పోకుండా 1912కి చెప్పండి.

ఇక పెద్దమ్మ కూలర్. ఆ ఆకుపచ్చ వైరును స్క్రూకి బిగించి, మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ పెట్టించి సాయంత్రం బస్సెక్కాను. రాత్రి తొమ్మిదికి ఫోన్. "ఏం జేసిపోయినవ్ బిడ్డా, కూలర్ పెట్టంగనే ఇల్లంత చీకటైతున్నది. ఇన్నేండ్లు మంచిగనే ఉండె." మర్నాడు మళ్లీ వెళ్లి, ప్లగ్గు తీసి, తొట్టిలోంచి పంపు పైకి తీశాం. వైరు పంపులోకి దూరే చోట తొడుగు చీలి, లోపలి రాగి చిలుము పట్టి పచ్చగా కనబడుతోంది. కొత్త పంపు వేశాం. కూలర్ తిరిగింది, ఆర్‌సీసీబీ పడలేదు, ఉత్తకాళ్లతో బాడీ మీద చెయ్యి పెట్టి పెద్దమ్మకు చూపించాను. పాత పంపును మాత్రం పారేయనివ్వలేదు. "మంచిగ నీళ్లు ఎక్కిస్తది కదా, మళ్ల పనికొస్తది" అని అటక మీద పెట్టమంది. పెట్టాను, వైరును మొదటికంటా కత్తిరించి.