చేతి మీద ఉబ్బి కనిపించేవి నరాలు కావు

న్యూరాలజీ ఓపీలో నాకు రోజూ ఎదురయ్యేదే. ఎదురుగా కూర్చున్నాయన చొక్కా చెయ్యి పైకి మడిచి, ముంజేతి మీద పచ్చగా ఉబ్బిన గీతలు చూపించి "నరాలు తేలిపోయాయి డాక్టర్ గారూ, నరాల బలహీనతేనా?" అంటారు. కాదండీ, అవి సిరలు, రక్తాన్ని గుండెకి వెనక్కి తీసుకెళ్లే గొట్టాలు, సన్నగా ఉన్నవాళ్లకి తేలడం మామూలే. నరం తెల్లటి తాడులా ఉంటుంది, చాలావరకు కండరాల మధ్యే దాక్కుని పోతుంది. రక్తనాళాన్నీ, నరాన్నీ, కండరాన్ని ఎముకకి కట్టిపెట్టే టెండన్‌నీ కూడా మనం "నరం" అనేస్తాం, సగం అపోహలు అక్కడే పుడతాయి.

మోకాలి కింద సుత్తితో తడితే కాలు ఎగురుతుంది కదా, అక్కడ కూడా "నరం మీద కొట్టారా?" అనే అడుగుతారు. కొట్టింది టెండన్ మీద. దాంతో తొడ కండరం చటుక్కున సాగుతుంది, ఆ కబురు వెన్నుపాముకి చేరగానే అక్కడినుంచే తిరుగు ఆర్డర్ వచ్చేస్తుంది. మెదడుకి తెలిసేసరికి కాలు లేచిపోయి ఉంటుంది. అన్నీ మెదడే చేయిస్తుందనేది అందుకే సగం నిజం.

కాలి వేలు గుమ్మానికి కొట్టుకున్నప్పుడు ఈసారి గమనించండి (తిట్టుకోవడం అయ్యాకే లెండి). తగిలిన సంగతి వెంటనే తెలుస్తుంది, ప్రాణం పోయే సలుపు మాత్రం ఒక్క క్షణం ఆగి వస్తుంది. స్పర్శని మోసే నరాల పోగులకి మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది కాబట్టి కబురు సెకనుకి పదుల మీటర్లు పరిగెడుతుంది, ఆ సలుపుని మోసే సన్న పోగులకి తొడుగు లేదు, సెకనుకి సుమారు 1 మీటరే.

మెదడులో 10 శాతమే వాడతామన్నది ఉత్త కబుర్లు. ఒంటి బరువులో 2 శాతమున్న మెదడు ఒంటి శక్తిలో దాదాపు 20 శాతం తినేస్తుంది, ఖాళీగా కూర్చునే భాగానికి ఒళ్లు అంత ఖర్చు పెట్టదు కదా.

ఇక తిమ్మిరి. కాలు మడిచి కూర్చుంటే వచ్చేది ఎక్కువగా నరం నొక్కుకుపోవడం వల్ల, సర్దుకుంటే పోతుంది. మాటిమాటికీ వస్తుంటే మాత్రం టెస్టు లేకుండా బి12 సూదులు పొడిపించుకోకండి, షుగర్ కావచ్చు, మణికట్టులో నరం నలగడం కావచ్చు. కానీ ఒకవైపు చెయ్యి ఉన్నట్టుండి పడిపోయి, మూతి వంకరపోయి, మాట ముద్దగా వస్తే తప్పు ఆ చేతి నరాల్లో వెతక్కండి, అది పక్షవాతం కావచ్చు, ఎక్కువగా మెదడు రక్తనాళంలో రక్తం గడ్డ అడ్డుపడి వస్తుంది. ఆ గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి మామూలుగా దొరికేది 4.5 గంటలే, కాసేపు పడుకుంటే తగ్గుతుందిలే అని వచ్చేవాళ్లలో చాలామంది ఆ గంటలు ఇంట్లోనే ఖర్చు చేసేసి వస్తారు.